సిమ్ రాజ్యంపై పొడుగు దండయాత్ర

వినండి! చెవులున్నవారు చెవులతో వినండి, జలుబు లేనివారు ముక్కుతో కూడా వినండి. ఎందుకంటే ఈ వీరగాథలో సగం శబ్దం, సగం వాసన.

పగలంతా ఊరిని ఏలి ఏలి అలసిపోయిన సూర్యుడు మేడల మీది నీళ్ల ట్యాంకుల వెనక్కి జారుకుంటూ, తన ఎర్రని ఉత్తరీయాన్ని ఎవరిదో బట్టలతీగ మీద మరిచిపోయిన వేళ. వీధిదీపం ఒకటి వెలగనా మాననా అని కన్నుగీటుతుంటే, దాని పక్కది ఆ మీమాంస కూడా లేకుండా ఆరిపోయే ఉన్న వేళ. సైకిల్ షాపుకి పైన, మూడో అంతస్తులో, ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవక తప్పని వంటగదిలో, రణరంగమధ్యస్థిత మత్తగజంలా నల్లగా, బరువుగా, మౌనంగా పొయ్యి మీద కూర్చుని ఉంది ఒక ఇనుప పెనం. దాని ఎదుట నిలిచి ఉంది ఒక కన్య. ఆమె ఎంత ఎత్తంటే, ఎప్పుడు అటు తిరిగినా నుదురు అలమర తలుపుకి తగులుతుంది. ఇంట్లోవాళ్లు ఆమెను పొడుగు అంటారు. ఇది వీరగాథ కనుక మనం అభ్రంలిహమస్తక అనీ, అలమరాఘాతసహిష్ణులలాట అనీ అనవలసి ఉంది. కానీ ఊపిరి మిగుల్చుకోవాలి కాబట్టి మనమూ పొడుగు అనే అందాం.

ఈ యుద్ధానికి కారణం వినండి. వేరే ఊళ్లో, ఒక కళ్లజోళ్ల షాపులో, పొడుగుకి ఉద్యోగం వచ్చింది. షాపు పైనే ఒక గది, గదిలో ఒక పొయ్యి. వస్తుందో రాదో రేపు పొద్దున్న చెప్పాలి. వెళ్లాలని పొడుగు ప్రాణం లేచి కూర్చుంది. ఆ ప్రాణాన్ని మళ్లీ పడుకోబెట్టింది అమ్మ.

ఆ అమ్మ ఎవరు? లాండ్రీలో ఇరవై ఏళ్లుగా ఇస్త్రీపెట్టెను ఖడ్గంలా ఝళిపిస్తున్న వీరనారి. ముడతలకు మృత్యువు, మరకలకు శత్రువు, ఇంతవరకు ఒక్క కాలరు కూడా మాడనివ్వని అదగ్ధవస్త్రవ్రతధారిణి. ఆమె ముందుగదిలో కుర్చీలో కూర్చుని, మధ్యాహ్నం అన్నది కదా:

"అక్కడ వంట నువ్వే చేసుకోవాలి. తెలుసా?"

"తెలుసమ్మా."

"ఏం తెలుసు? నీళ్లు కాచడం తెలుసు. రోజూ బ్రెడ్డు తిని, టీ తాగి, నెల తిరిగేసరికి కర్రలా తయారవుతావు."

"ఇప్పుడు కర్ర కాదుటే?" అంది నాన్నమ్మ పడకకుర్చీలోంచి. "ఎటొచ్చీ పొడుగు కర్ర."

"మీరుండండి అత్తయ్యా. ఏమే, ఇవాళ రాత్రి భోజనం నువ్వు వండు. ఒక్కదానివే. ఎవ్వరూ సాయం చెయ్యరు. నేను అసలు వంటింట్లో అడుగే పెట్టను. తినేలా ఉంటే వెళ్లు. పచ్చిగా ఉన్నా, మాడినా, ఆ షాపు మాట మళ్లీ నా దగ్గర ఎత్తకు."

"సరే," అంది పొడుగు.

ఈ సరేను వీరభాషలోకి మారిస్తే ఇలా ఉంటుంది: "జననీ! నీవు విసిరిన సవాలును శిరసావహించితిని. నేటి సంధ్య చీకటిగా మారకముందే, ఏకాకినినై, ఏకపాత్రతో, మీ అందరి ఉదరాలనూ జయించెదను. జయించనిచో కళ్లజోళ్ల వంక కన్నెత్తి చూడను." కానీ పొడుగు సిగ్గరి. అందుకే సరే అని ఊరుకుంది.

ఒక్క పెనంలో, త్వరగా అయిపోయే వంట కావాలి. ఆమె మాంసం కొట్టుకి వెళ్లి, అరచెయ్యంత వెడల్పు, బొటనవేలంత మందం ఉన్న స్టేక్ ముక్కలు నాలుగు కొయ్యించుకుంది. కొట్టాయన కాగితంలో చుడుతూ, "తడి లేకుండా తుడువమ్మా. పెనం బాగా పొగలు రావాలి, అప్పుడు వెయ్యి. వేశాక దాని జోలికి పోకు. మంట మాత్రం తగ్గించకు సుమా!" అన్నాడు. పాపం, ఆయనకేం తెలుసు, తాను ఏ ఇంటి పిల్లతో ఆ మాట అంటున్నాడో!

ఎందుకంటే ఆ ఇంట్లో ఒక శాసనం ఉంది. దాన్ని ఎవరూ రాయలేదు, ఎవరూ చాటలేదు, ఎవరూ మీరనూ లేదు. పొయ్యి పక్కనుంచి వెళ్లేవాళ్లెవరైనా సరే, మంటను సిమ్‌లో పెట్టి వెళ్లాలి. నాన్నమ్మ మంచినీళ్లకి వెళుతూ తగ్గిస్తుంది, గ్యాస్ అయిపోతుందని. నాన్న చేతులు కడుక్కోవడానికి వెళుతూ తగ్గిస్తాడు. ఆయన సిటీ బస్సు అనే మహారథానికి సారథి, జనసమ్మర్దం కనిపిస్తే వేగం తగ్గించడం ఆయన ఒంట్లోనే ఉంది, వంటగది ఎప్పుడు చూసినా జనసమ్మర్దమే. ఇక అమ్మ, మాడడం అన్న మాటే గిట్టని అమ్మ, పొయ్యిని చూడకుండానే తగ్గిస్తుంది. చిటికెనవేలు పైకెత్తి, మణికట్టు ఒక్క మెలిక తిప్పి, నాబ్‌ను అలా తాకి వెళ్లిపోతుంది. తాకిన సంగతి ఆమెకే తెలియదు. వంటగది చివర సింకు ఉంది, సింకు పైన కిటికీ ఉంది, వాటికీ గుమ్మానికీ మధ్య పొయ్యి ఉంది. కనుక ఎవరు ఎటు వెళ్లాలన్నా ఆ సరిహద్దు దాటాలి, దాటితే సుంకం చెల్లించాలి.

అందుచేత ఆ ఇంట ఎర్రగా వేగిన వస్తువును ఎవరూ కళ్లారా చూసి ఎరగరు. ఉల్లిపాయలు తెల్లగా పుట్టి తెల్లగానే పోయేవి. బంగాళాదుంపలు ఉడికేవి, వేగేవి కావు. అట్టి సార్వభౌమమైన సిమ్ రాజ్యంపై పొడుగు ఆ సాయంత్రం యుద్ధం ప్రకటించింది.

ముందుగా కవచాయుధాలతో అలంకరించుకుంది. మోకాళ్లు దాటని అమ్మ ఏప్రన్ కవచమైంది. కుడిచేత పట్టకారు. కోతపలక మీద కూరగాయల సైన్యం బారులు తీరింది: హరితకంచుకధారులైన బీన్స్, ఉబ్బిన బుగ్గల క్యాప్సికం, గొడుగు కింద తలదాచుకున్న పిరికిపందలైన పుట్టగొడుగులు, చివరికి ఉల్లిపాయ. బీన్స్ తలలు తోకలు పోగొట్టుకుని లొంగిపోయాయి. పుట్టగొడుగులు కత్తిని చూడగానే పడిపోయాయి. ఉల్లిపాయ మాత్రం పొరపొరకూ ప్రతిఘటించి, తాను చస్తూ వీరకన్య చేత కంటతడి పెట్టించింది. ప్రత్యర్థి మరణానికి ఇంతగా ఏడ్చిన యోధులు అరుదు.

మాంసం ముక్కలు తుడిచింది. ఉప్పు, మిరియాలపొడి చల్లి, కాస్త నూనె పట్టించింది. పొయ్యి వెలిగించి నాబ్‌ను చివరిదాకా తిప్పింది. భగ్గుమని నీలిజ్వాల లేచి పెనం అడుగును కావలించుకుంది. ఆ ఇంటి పొయ్యి తన జీవితంలో మొదటిసారి బిగ్గరగా మాట్లాడింది.

"ఏంటే ఆ చప్పుడు? గాలివానా?" అంటూ నాన్నమ్మ గ్లాసు పుచ్చుకుని వచ్చింది. పొయ్యి దాటింది. నీళ్లు పట్టుకుంది. తిరుగు ప్రయాణంలో పొయ్యి దాటింది. జ్వాల కాస్తా మినుకు మినుకుమంది.

"నాన్నమ్మా!"

"ఏం చేశానే?"

"మంట తగ్గించావు."

"నేనా?" ముసలావిడ తన చేతిని అటూ ఇటూ తిప్పి, అది పక్కింటివాళ్ల చెయ్యి అయినట్టు చూసుకుంది. "అయినా అంత మంటెందుకే తల్లీ, ఇల్లు తగలెట్టడానికి కాకపోతే?"

పొడుగు మళ్లీ పెంచింది. నాన్నమ్మ గుమ్మం పక్కన స్టూలు వేసుకుని ప్రేక్షకురాలిగా స్థిరపడింది. ఇంతలో వీధితలుపు తెరుచుకుంది; దినమంతా హారన్లతో పోరాడి గృహోన్ముఖుడైన నాన్న ప్రవేశించాడు.

"ఏంటమ్మా వాసన? ఘాటుగా ఉందే!" అంటూ చేతులు కడుక్కోవడానికి వంటగదిలోకి వచ్చాడు. కడుక్కున్నాడు. వెనక్కి వచ్చాడు. ఆ తడి చెయ్యి నాబ్ దాకా వెళ్లేలోగా పట్టకారు దాన్ని మధ్యదారిలో పట్టుకుంది.

"అబ్బా! నేనేం చేశాను?"

"చెయ్యబోయావు."

"అలవాటమ్మా. పొగ కనబడితే కాలు బ్రేకు మీదికి పోతుంది. ఇక్కడ కాలు అందక చెయ్యి పోయింది."

"నాన్నా, నువ్వు ముందుగదిలోకి వెళ్లు. దయచేసి."

ఆయన అవమానితుడైన సారథిలా తలవంచుకుని చొక్కా మార్చుకోవడానికి వెళ్లాడు.

పెనం పొగలు కక్కసాగింది. అదే ముహూర్తం. పొడుగు రెండు ముక్కలు ఎత్తి, గుండె చిక్కబట్టుకుని, పెనం మీదికి దించింది. చుయ్యిమని లేచిన ఆ శబ్దం, ఆహా, ఏమని వర్ణించను! వెయ్యి సర్పాలు ఒక్కసారిగా బుస కొట్టినట్టు, వాన మొదటి చినుకు కాలిన రేకు మీద పడినట్టు, ఆ ఇంటి గోడలు పుట్టి బుద్ధెరిగి విననట్టు మోగింది. పొడుగు పెదవి మీద తొలిసారి చిరునవ్వు పొడసూపింది. ఇంకో క్యాప్సికం కొయ్యడం మిగిలింది కదా అని ఇటు వంగింది.

అంతే. బుస తగ్గింది. చుయ్ కాస్తా బుడబుడ అయింది. ముక్కల్లోంచి నీరు దిగింది. ఆ నీటిలో అవి, యుద్ధానికి వెళ్లి స్నానం చేసి వచ్చిన సైనికుల్లా, బూడిదరంగులో తేలాయి. జ్వాల చూస్తే గింజంత.

"ఎవరు?" అని గర్జించింది పొడుగు. ఆమె గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు.

నాన్న సగం చొక్కాతో గుమ్మంలోకి వచ్చాడు. "నేను కాదమ్మా! చూడు, ఇంకా ఒక చెయ్యే దూరింది."

"నాన్నమ్మా?"

"నా వంక చూడకు. ఇందాక తిట్టావని ఈ స్టూలు మీంచి లేస్తే ఒట్టు."

"మరి దానంతట అదే తగ్గిందా?"

"అదెందుకు తగ్గుతుంది? నువ్వే తగ్గించావు. ఆ క్యాప్సికం కోసం ఇటు వంగావా, నీ చెయ్యి అటు పోయింది. అచ్చం మీ అమ్మలాగే, చిటికెనవేలు పైకెత్తి మరీ! నేను చూస్తూనే ఉన్నా."

"చూస్తూ ఉంటే చెప్పొద్దూ?"

"సాయం చెయ్యకూడదన్నారుగా!" అంది నాన్నమ్మ, ధర్మానికి కట్టుబడి.

ముందుగదిలో అమ్మ కుర్చీ ఒక్కసారి కిర్రుమంది.

హా! కోటలు కూలేది శత్రువు వల్ల కాదు, లోపలివాళ్ల వల్ల అని విన్నాం గానీ, తన భుజానికి అతుక్కుని ఉన్నవాడే తలుపు తీస్తాడని ఎవరనుకున్నారు! పొడుగు ఆ బూడిదరంగు ముక్కలను పళ్లెంలోకి తీసింది. నలుగురు మనుషులు, మిగిలినవి రెండు ముక్కలు. అవీ ఇలాగే అయితే, రేపు పొద్దున్న ఫోన్ చేసి రానని చెప్పడమే. ఆమె తన కుడిచేతిని కళ్లెదుట పట్టుకుని, మనసులోనే ఇలా ప్రసంగించింది:

"ఓ దక్షిణహస్తమా! పలక మీద తొలి అక్షరం దిద్దినదానా! ఉద్యోగానికి అర్జీ మీద సంతకం పెట్టినప్పుడు వణికినదానా! నేను పోదామంటే నువ్వు ఉందామంటావా? నీకీ విద్య నేర్పినదెవరు? నేను నేర్పలేదే! నిన్ను నరుకుదునా? నరికితే వంట ఎవరు చేస్తారు? కనుక ప్రాణభిక్ష పెట్టితిని. కానీ ఇకమీదట నీకు తీరిక ఉండదు. తీరిక ఉంటేనే కదా, చేతికి పాత బుద్ధులు!"

అని, కుడిచేత పట్టకారు బిగించి పట్టి, ఎడమచేత పెద్ద మూతను డాలులా ధరించి, రెంటికీ క్షణం విశ్రాంతి ఇవ్వనని నిశ్చయించుకుంది. పెనం తుడిచింది. నాబ్‌ను చివరిదాకా తిప్పింది. మళ్లీ పొగలు రావడానికి ఎదురుచూసింది. ఆ ఎదురుచూపులో ఆకలి పెరిగింది, నాన్నమ్మ ఆవలించింది, కింద సైకిల్ షాపు షట్టరు దడదడమని దిగింది. అప్పుడు వేసింది మిగిలిన రెండు ముక్కలు.

చుయ్!

ఈసారి ఆమె ఎటూ వంగలేదు. కొట్టాయన చెప్పినట్టు ముక్కల జోలికి పోలేదు. నూనెచుక్కలు బాణపరంపరలై ఎగిరితే మూతతో కాచుకుంది. పొగ లేచింది. మొదట సన్నగా, ఆపైన దట్టంగా, తరువాత మేఘమండలంలా పైకప్పును ఆక్రమించి, గుమ్మం దాటి, ముందుగదిలోకి రాయబారిలా వెళ్లి అమ్మ ముక్కుపుటాల ఎదుట నిలబడింది.

మాడు వాసన! ఇరవై ఏళ్లలో ఒక్క కాలరు మాడనివ్వని మనిషికి, సొంత ఇంట్లో!

"ఏమేవ్! మాడిపోతోందే!" అని కేక వినబడింది.

"లేదమ్మా!"

"నాకు వాసన తెలీదా?"

"మాడట్లేదమ్మా, వేగుతోంది!"

ఆ రెండు మాటలకీ తేడా ఆ ఇంట్లో ఎవరూ అంతవరకు విని ఎరగరు. కుర్చీ కిర్రుమంది. అడుగుల చప్పుడైంది. వంటింట్లో అడుగు పెట్టనన్న మాట గుమ్మం దగ్గరే తెగిపడింది. పొగను చీల్చుకుంటూ అమ్మ ప్రవేశించింది. నాన్నమ్మ స్టూలుతో సహా పక్కకి జరిగింది. పొడుగు వెనక్కి తిరగలేదు. ఒక చేత పట్టకారు, ఒక చేత డాలు. ఆపడానికి మూడో చెయ్యి లేదు. దారి ఒక్కటే, అది పొయ్యి పక్కనుంచే.

అప్పుడు, తుమ్మబోయిన నాన్న తుమ్ము ఆపుకోగా, నాన్నమ్మ నోరు తెరిచి మూయడం మరచిపోగా, నీలిజ్వాల పెనం అంచులు దాటి నాలుకలు చాపుతుండగా, ఎన్ని వేలసార్లు ఆ దారిన పోయిందో అన్ని వేలసార్లూ చేసిన పనినే చెయ్యడానికి అలవాటు కొద్దీ లేచిన అమ్మ చెయ్యి, చిటికెనవేలు పైకెత్తి, మణికట్టు మెలిక తిప్పడానికి సిద్ధపడి, నాబ్‌కి వెంట్రుకవాసి దూరంలో, ఎవరో పిలిచినట్టు, ఆగింది.

అమ్మ తన చిటికెనవేలును చూసుకుంది. తరువాత కూతురి చేతిని చూసింది. పట్టకారు పట్టుకున్న ఆ చేతికి కూడా చిటికెనవేలు పైకి లేచే ఉంది.

ఆ వేలు మెల్లగా ముడుచుకుంది. అమ్మ పొయ్యి దాటింది. సింకు మీదుగా వంగి, గడియ లాగి, కిటికీ బార్లా తెరిచింది. పొగ బయటికి పారిపోయింది.

"కళ్లు మండుతున్నాయి," అంది. నిజంగానే కళ్లు తుడుచుకుంది. మళ్లీ పొయ్యి పక్కనుంచే నడిచి వెళ్లిపోయింది.

పొడుగు ముక్కలు తిరగేసింది. ఆహా! కాలిన ఇటుకలా కాదు, బొగ్గులా కాదు. నిగనిగలాడే ముదురు గోధుమరంగు, అంచుల్లో కరకరలాడే చాయ. రెండో వైపు కూడా అట్లే వేయించి, పళ్లెంలోకి తీసి, మూత కప్పి విశ్రాంతినిచ్చింది. వీరులకు విశ్రాంతి కావాలి కదా! అదే పెనంలో కాస్త వెన్న, చితక్కొట్టిన వెల్లుల్లి, ఆపై బీన్స్, క్యాప్సికం, పుట్టగొడుగులు, కన్నీళ్లు పెట్టించిన ఉల్లిపాయ. ఆ ఉల్లిపాయ ఎర్రబడింది! నాన్నమ్మ మెడ చాచి చూసి, "ఇది ఉల్లిపాయేనా?" అంది.

బల్ల మీద నాలుగు పళ్లేలు. ఎర్రగా వేగిన రెండు ముక్కలను నలుగురికీ పంచింది. బూడిదరంగు ముక్కలను దాచిపెడదామనుకుంది గానీ నాన్న తన పళ్లెంలోకి లాక్కుని, "ఇవీ బాగానే ఉన్నాయమ్మా," అంటూ చాలాసేపు నమిలాడు. నాన్నమ్మ పళ్లకు తగ్గట్టు పొడుగు పల్చగా కోసిపెట్టింది.

"ఎలా ఉంది అత్తయ్యా?" అని అమ్మ అడిగింది, తాను తినకుండానే.

"నోరు నిండుగా ఉంటే మాట్లాడించకు."

అప్పుడు న్యాయాధీశురాలు ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఒక ఉల్లిపాయ ముక్కను చెంచాతో ఎత్తి, దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది, మరక ఉందేమోనని చొక్కాను చూసినట్టు. దాన్నీ తింది. పొడుగు తన పళ్లెం ముట్టలేదు. గోడ గడియారం ఎన్నడూ లేనంత బిగ్గరగా నడిచింది.

"ఉప్పు తక్కువైంది," అంది అమ్మ.

పొడుగు తల వంచుకుంది.

"ఆ గదికి కిటికీ ఉందా?"

"ఆ?"

"అదేనే, ఆ కళ్లజోళ్ల షాపు మీద గదికి. కిటికీ ఉందా?"

"ఉందమ్మా."

"పొయ్యికి దగ్గరేనా?"

"పక్కనే."

"ముందు కిటికీ తెరిచి అప్పుడు పొయ్యి వెలిగించు. ఇలా పొగలో నిలబడకు." అమ్మ ఇంకో ముక్క కోసుకుంది. "పొద్దున్నే ఫోన్ చెయ్యి ఆ షాపాయనకి. ఆలస్యం చేస్తే ఇంకొకళ్లని పెట్టుకుంటారు."

వీరభాషలో కూడా ఆ క్షణానికి మాట లేదు. అందుకని పొడుగు గబగబా తినేసింది. ఆనందంలో లేవబోయి దీపం బుట్టకి తల కొట్టుకుంది.

కనుక, నూనెచుక్కలతో మచ్చలు పడిన ఆ గోడల సాక్షిగా, ఇంకా చల్లారని ఆ ఇనుప పెనం సాక్షిగా, సకల లోకాలకూ ప్రకటించడమైనది ఏమనగా: ఎవరెవరో ఏవేవో కోటలు పట్టారు, సముద్రాలు దాటారు, వాటి సంగతి వాళ్లు చెప్పుకుంటారు. ఈ మూడో అంతస్తులో, ఈ సాయంత్రం, ఒక తల్లి భగభగ మండుతున్న పొయ్యి పక్కనుంచి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి నడిచింది. మంట తగ్గించలేదు.